రెండు బులెటిన్ల మధ్య ఏం జరుగుతోంది? తుపాను హెచ్చరికల అధికారులకు బహిరంగ లేఖ

తుపాను హెచ్చరికలు జారీ చేసే అధికారులకు, వాటిని జనానికి చేరవేసే విపత్తు నిర్వహణ అధికారులకు,

నమస్కారం.

సముద్రంలో అల్పపీడనం పట్టిందనగానే ఉపగ్రహ చిత్రాల ముందు కూర్చునేవాళ్లం మేము. మాలో వాతావరణ శాస్త్రం చదివినవాళ్లు కొద్దిమందే. మిగతావాళ్లు టీచర్లు, మెకానిక్‌లు, బ్యాంకు ఉద్యోగులు, విద్యార్థులు, ఒకప్పుడు పడవల మీద పనిచేసినవాళ్లు. ఇంట్లోవాళ్లు 'వెదర్ పిచ్చోళ్లు' అని వెక్కిరిస్తారు. మాకేం అభ్యంతరం లేదు, ఉన్న మాటే కదా.

మీ పనంటే మాకు గౌరవం. 1999లో ఒడిశా మీద సూపర్ సైక్లోన్ విరుచుకుపడినప్పుడు సుమారు పది వేల మంది పోయారు. 2013లో అదే తీరానికి ఫైలిన్ వచ్చినప్పుడు దాదాపు పది లక్షల మందిని ముందే తరలించారు. మరణాలు పదుల్లోనే ఆగాయి. ఆ తేడా అంచనా వేసినవాళ్లది, ఆ అంచనాను నమ్మి కదిలినవాళ్లది. ఆ గౌరవంతోనే గత తుపాను తర్వాత మీకు ఉత్తరం రాశాం. అందినట్టు ఒక నంబరు వచ్చింది. గుర్తు చేస్తూ మళ్లీ రాస్తే ఆ నంబరు కూడా రాలేదు. అందుకే ఈసారి అందరి ముందూ రాస్తున్నాం.

మా ఫిర్యాదు ఇదీ. తుపాను ఎటు వెళ్తుందో చెప్పడంలో మీరు గత కొన్ని దశాబ్దాల్లో చాలా ముందుకు వచ్చారు. మీరు చెప్పింది జనానికి అర్థమయ్యేలా చేరడంలో అంత ముందుకు రాలేదు. ఒక బులెటిన్‌కీ తర్వాతి బులెటిన్‌కీ మధ్య మూడు గంటలు, ఒక్కోసారి ఆరు గంటలు గడుస్తాయి. ఆ గంటల్లో తీరంలో ఉన్నవాళ్ల ఫోన్లు ఊరికే ఉండవు. ఎప్పటివో తుపాను వీడియోలు, తేదీ లేని రంగురంగుల మ్యాపులు, 'పై ఆఫీసులో మావాడు చెప్పాడు' అంటూ వాయిస్ మెసేజ్‌లు వస్తూనే ఉంటాయి. ఇది నిజమా కాదా అని జనం మమ్మల్ని అడుగుతారు. మాకేదో పెద్ద పేరుందని కాదు, ఆ అర్ధరాత్రి అడిగితే పలికేది మేమే కాబట్టి. సరిగ్గా జవాబు చెప్పడానికి కావలసిన సరంజామా అంతా మీ దగ్గరుంది. అది బయటికి రాదు. 'అధికారిక సమాచారాన్నే నమ్మండి, అనధికారిక అంచనాలు పెట్టేవారిపై చర్యలు తప్పవు' అనే ప్రకటన మాత్రం తుపాను తుపానుకీ ఠంచనుగా వస్తుంది.

గత తుపాను తీరానికి చేరువవుతున్న రాత్రి జరిగింది చెబుతాం. మీ సైట్‌లో రాడార్ బొమ్మ ఒక ఫ్రేము దగ్గర ఆగిపోయింది. దాని మూల ఉన్న సమయం చీమ తలకాయంత అక్షరాల్లో, అదీ మన సమయంలో కాదు, లండన్ దగ్గరి గ్రీనిచ్ లెక్కలో ఉంది. చూసినవాళ్లలో చాలామంది తుపానే సముద్రంలో ఆగిపోయిందనుకున్నారు. షెల్టర్‌లో ఉన్న కొన్ని కుటుంబాలు సామాన్లు తెచ్చుకుందామని ఇళ్లకు బయల్దేరాయి. ఉపగ్రహ చిత్రాల్లో మేఘాల కదలిక చూసి, 'ఆగింది తుపాను కాదు, బొమ్మ' అని మేం నెత్తీ నోరూ కొట్టుకున్నాం. కాసేపటికి సైటే తెరుచుకోవడం మానేసింది. మర్నాడు మాలో ఒకరికి పోస్టు తీసేయమని ఫోన్ వచ్చింది. ఆ పోస్టులో ఉన్నవి మీ బులెటిన్ అంకెలే, జనం చదవగలిగేలా పెట్టడం ఒక్కటే ఆయన చేసిన పని.

ఇది ఒక్క చోటి గొడవ కాదు, ఒక్క తుపానుదీ కాదు. ఎక్కడ ఏం పొరపాటు జరుగుతోందో, దాన్ని మోసేది ఎవరో, మేం ఏం అడుగుతున్నామో వరసగా రాస్తున్నాం.

1. జనం గీతను చూస్తున్నారు, కోన్‌ను చూడటం లేదు.

తుపాను దారి చూపే ట్రాక్ మ్యాపులో మధ్యన ఒక గీత, దాని చుట్టూ ముందుకు పోయేకొద్దీ వెడల్పయ్యే కోన్ (తుపాను కేంద్రం పోయే అవకాశమున్న మేర) ఉంటాయి. అమెరికా హరికేన్ కేంద్రం (బలమైన తుపానును అక్కడ హరికేన్ అంటారు) లెక్క ప్రకారం తుపాను కేంద్రం కోన్ లోపల ఉండేది సుమారు మూడింట రెండు వంతుల సందర్భాల్లోనే. మిగతా వంతు బయటికి పోతుంది. అదీ కేంద్రం సంగతి. గాలి, వాన, ఉప్పెన కోన్ దాటి ఎంతో దూరం దాకా ఉంటాయి. ఇవన్నీ మీకు మేం చెప్పాల్సినవి కావు. కానీ ఫోన్లో మ్యాపు చూసే మనిషి తన ఊరు గీత మీద ఉందా లేదా అన్నదే చూస్తాడు. గీత అటు జరిగితే 'హమ్మయ్య, మనకు తప్పింది' అని పడుకుంటాడు.

2022 సెప్టెంబరులో ఇయాన్ హరికేన్ ఫ్లోరిడాకు వచ్చినప్పుడు ఇదే జరిగింది. ముందు రోజుల్లో అందరి కళ్లూ టాంపా మీదే ఉన్నాయి. గీత దక్షిణానికి జరుగుతూ వచ్చింది. చివరికి తుపాను తీరం దాటిన లీ కౌంటీ ప్రాంతం కోన్‌లోనే ఉంది, కాకపోతే అంచు దగ్గర. అక్కడ తప్పనిసరిగా ఖాళీ చేయమన్న ఆదేశం తీరం దాటడానికి ముందు రోజు ఉదయం గానీ రాలేదు. ఆ తుపానులో నేరుగానో పరోక్షంగానో పోయినవాళ్లు 150 మందికి పైనే. అంచనా మరీ దారి తప్పిందేమీ కాదు, దాన్ని చదివిన తీరు తప్పింది.

మధ్య గీత లేని మ్యాపును కూడా విడుదల చేయండి. ప్రతి బులెటిన్ మొదట్లో, గతసారికీ ఇప్పటికీ ఏం మారింది, ఎందుకు మారింది అన్నది రెండు మూడు వాక్యాల్లో రాయండి. అమెరికా కేంద్రం ప్రతి ఆరు గంటలకూ 'డిస్కషన్' అనే నోట్ ఇస్తుంది. ఏ మోడల్ (వాతావరణాన్ని లెక్కగట్టే కంప్యూటర్ ప్రోగ్రామ్) ఎటు లాగుతోంది, తనకు దేని మీద నమ్మకం ఎక్కువ, ఎక్కడ అనుమానంగా ఉంది అన్నవన్నీ ఫోర్‌కాస్టర్ అందులో తన పేరుతో సహా రాస్తారు. ఔత్సాహికులకు అది పండగ భోజనం. దానివల్ల ఆ కేంద్రం పరువేమీ తగ్గలేదు. అనుమానాన్ని దాచకుండా చెప్పేవాళ్ల మాట మీదే మాకు నమ్మకం ఎక్కువ.

2. 'బలహీనపడింది' అనే వార్త.

మమ్మల్ని అన్నిటికంటే భయపెట్టే హెడ్‌లైన్ ఇదే. తుపాను తీవ్రతకు మీరు కొలమానంగా తీసుకునేది గాలి వేగాన్ని. గాలి తగ్గగానే పేరు మారుతుంది: తీవ్ర తుపాను, తుపాను, వాయుగుండం. జనం చెవికి అది 'గండం గడిచింది' అని వినిపిస్తుంది. అక్కడినుంచి వాన మొదలవుతుంది.

2017 ఆగస్టులో హార్వీ హరికేన్ అమెరికాలో టెక్సస్ తీరం దాటింది కేటగిరీ 4గా (హరికేన్ల స్థాయిల్లో అతి పెద్దది 5). రోజు తిరగకముందే హరికేన్ కంటే కింది స్థాయి అయిన ఉష్ణమండల తుపానుగా దిగజారి, అక్కడక్కడే తచ్చాడుతూ ఒకచోట 1,500 మిల్లీమీటర్లకు పైగా కురిసింది. దానివల్ల నేరుగా చనిపోయినవాళ్లలో అత్యధికులు వరద నీళ్లలో పోయారు, తీరం దగ్గర గాలికి కాదు. అమెరికాలో 1963 నుంచి 2012 వరకు అట్లాంటిక్ తుపానుల మరణాలను పరిశీలిస్తే పదింట తొమ్మిది నీటివల్లే. దాదాపు సగం ఉప్పెన, పావు వంతు వాన వరద.

దీనికి అవతలి కొస కూడా ఉంది. 2013 నవంబరులో లెహర్ అతి తీవ్ర తుపానుగా బయల్దేరి మచిలీపట్నం దగ్గర తీరం చేరేసరికి వాయుగుండం అయిపోయింది. అలా జరిగినప్పుడు 'ఉత్త పుణ్యానికి ఖాళీ చేయించారు' అనే మాట పుడుతుంది, తర్వాతి తుపానుకు ఆ ఇళ్లు కదలవు. పొడి గాలి చొరబడటం, పై గాలులు తుపాను తలను ఒక పక్కకు నెట్టేయడం లాంటి కారణాలతో తుపాను చివరి క్షణాన చల్లబడుతుంది. ఆ కారణాన్ని మీరే అదే రోజు సులభమైన మాటల్లో చెబితే జనం అర్థం చేసుకుంటారు. మీరు చెప్పని చోట వెటకారాలు మిగులుతాయి.

గాలి పేరుతో పాటు వాన ప్రమాదానికి, ఉప్పెన ప్రమాదానికి విడివిడిగా స్థాయి ప్రకటించాలని అడుగుతున్నాం. గాలి తగ్గిన బులెటిన్‌లో 'బలహీనపడింది' అనే మాట పక్కనే, అదే వాక్యంలో, మిగిలి ఉన్న ప్రమాదం ఏమిటో రావాలి. కింది పేరాలో వస్తే ఎవరూ చదవరు.

నియమాలు అడ్డొస్తాయంటారేమో. 2012లో శాండీ న్యూజెర్సీ తీరానికి వచ్చేముందు సాంకేతికంగా ఉష్ణమండల తుపాను లక్షణాలు కోల్పోతోంది కాబట్టి, అప్పటి నియమం ప్రకారం అక్కడికి హరికేన్ వార్నింగ్ ఇవ్వలేదు, వేరే రకం హెచ్చరికలతో సరిపెట్టారు. విమర్శలొచ్చాయి. మరుసటి సీజన్‌కల్లా నియమమే మార్చేశారు.

3. ఉప్పెన ఎవరి వీధికి వస్తుంది?

'సాధారణ పోటు కంటే రెండు మీటర్లు ఎత్తున' అని రాస్తారు. సముద్రం మీద బతికేవాళ్లకు కూడా ఈ అంకెతో తమ గుమ్మం మునుగుతుందో లేదో తెలియదు. సాధారణ పోటు ఎంత, అది ఏ గంటకు, తుపాను తీరం దాటేది పోటు మీదా పాటు మీదా, నేల ఎత్తెంత అన్నవన్నీ కలిపితే గానీ లెక్క తేలదు. ఆ లెక్క మీ కంప్యూటర్లలో ఉంది. తీరం లోతు తక్కువగా, వాలుగా ఉన్న చోట నీళ్లు ఎక్కువ లోపలికొస్తాయి. ఉత్తరార్ధగోళంలో తుపాను కదిలే దిశకు కుడి పక్కన గాలి, అలలు ఎక్కువ బలంగా తీరాన్ని తాకుతాయి. ఎడమ పక్క ఊళ్లలో కొన్నిచోట్ల సముద్రం వెనక్కి పోతుంది కూడా. ఒకే తుపానుకు యాభై కిలోమీటర్ల దూరంలో రెండు వేరే వేరే అనుభవాలు ఉంటాయన్నమాట.

1977 నవంబరు 19న దివిసీమలో గాలికన్నా నీళ్లే ఊళ్లకు ఊళ్లను తుడిచేశాయి. ప్రభుత్వ లెక్కే పది వేల దాకా ఉంది. అంతకు ఏడేళ్ల ముందు 1970 నవంబరులో భోలా తుపానుకు బంగాళాఖాతం ఉత్తర తీరంలో కనీసం మూడు లక్షల మంది పోయారు. ఆ తుపాను ఉపగ్రహాల కంటికి కనపడింది. నేల మీద ఉన్న మనిషికి ఏం చేయాలో చెప్పే దారి లేకపోయింది. ఇప్పుడు దారి ఉంది, మనిషి చేతిలో ఫోన్ ఉంది. కాబట్టి ఉప్పెన మ్యాపును గ్రామాల, వీధుల స్థాయిలో, 'నేల మీద ఇంత ఎత్తు నీళ్లు' అనే భాషలో విడుదల చేయండి. అంచనాలో పొరపాటు ఉండొచ్చని పక్కన రాయండి, తప్పేం లేదు.

4. కన్ను దాటే గంట.

తుపాను కన్ను, అంటే నడిమధ్యన గాలి లేని భాగం, ఊరి మీదుగా పోతున్నప్పుడు గాలి ఒక్కసారిగా ఆగిపోతుంది. వాన ఆగుతుంది, ఒక్కోచోట ఆకాశం కూడా కనపడుతుంది. జనం బయటికొచ్చి కూలిన చెట్లు చూస్తారు, రేకులు ఏరుకుంటారు. కాసేపటికి కన్ను చుట్టూ ఉండే మేఘాల గోడ అటువైపు భాగం వచ్చి ఎదురు దిశ నుంచి కొడుతుంది. కేంద్రం ఏ ప్రాంతం మీదుగా ఏ సమయానికి పోతోందో చివరి గంటల్లో రాడార్‌లో స్పష్టంగా కనిపిస్తుంది. ఆ ప్రాంతాల ఫోన్లకు 'ఇది విరామం మాత్రమే, బయటికి రావద్దు' అని ఒక్క అలర్ట్ పంపండి.

5. అంకెల గొడవ.

ఒక ఏజెన్సీ గంటకు 150 కిలోమీటర్లంటుంది, మరోటి 180 అంటుంది. 'నిజం దాస్తున్నారు' అనే పోస్టులు వెంటనే మొదలు. అసలు విషయం సగటు తీసే పద్ధతిలో ఉంది. అమెరికా ఏజెన్సీలు ఒక నిమిషం సగటు వేగం చెబుతాయి, భారత్ మూడు నిమిషాల సగటు, ప్రపంచ వాతావరణ సంస్థ ప్రమాణం పది నిమిషాలు. తక్కువ సేపు సగటుకు పెద్ద అంకె వస్తుంది. వాటిపైన ఈదురు గాలుల అంకె ఇంకోటి. ఈ సంగతి ప్రతి తుపానుకూ మేమే వివరించి వివరించి అలిసిపోతున్నాం. వేగం పక్కన 'ఎన్ని నిమిషాల సగటు' అని బులెటిన్‌లోనే వేస్తే ఈ గొడవ సగం తగ్గుతుంది.

6. రాత్రికి రాత్రి బలపడే తుపానులు.

2023 అక్టోబరులో ఓటిస్ మెక్సికోలోని అకపుల్కోను తాకింది. తీరం చేరడానికి ఒక్క రోజు ముందు అది మామూలు ఉష్ణమండల తుపాను. చేరింది కేటగిరీ 5గా. మోడళ్లు దాన్ని పట్టుకోలేకపోయాయి. అది ఎవరి తప్పూ కాదు, విజ్ఞానం ఇంకా అక్కడే ఉంది: దారి అంచనా బాగుపడినంతగా బలం అంచనా బాగుపడలేదు. సముద్రం వేడిగా, పై గాలులు అనుకూలంగా ఉన్నప్పుడు ఇలాంటిది జరిగే అవకాశం ఎంత ఉందో మీ దగ్గర శాతాల్లో లెక్క ఉంటుంది. తక్కువ శాతమైనా సరే ముందు రోజు సాయంత్రమే చెప్పండి. 'చెబితే జనం కంగారు పడతారు' అనే వాదన మేం చాలాసార్లు విన్నాం. చీకటి పడ్డాక, కరెంటు పోయాక, బస్సులు ఆగాక తెలిస్తే పడే కంగారు అంతకంటే ఎక్కువ. పడవల్ని గట్టెక్కించాల్సినవాళ్లకు, ఆస్పత్రిలో జనరేటర్‌కు డీజిల్ చూసుకోవాల్సినవాళ్లకు, నడవలేని పెద్దవాళ్లున్న ఇళ్లకు కావలసింది పగటి వెలుతురు.

7. పరికరాలు పడిపోయాక చూసేదెవరు?

2017 సెప్టెంబరులో మరియా హరికేన్ ప్యూర్టోరికో రాడార్‌నే ధ్వంసం చేసింది. గాలి కొలిచే యంత్రాలు తుపాను మధ్యలో మూగబోవడం మామూలే. సరిగ్గా ఆ సమయంలో నేల మీద ఉన్న మనిషి కన్ను, ఇంట్లో బారోమీటర్, పెరట్లో వానమాపకం అక్కరకొస్తాయి. మాలో చాలామంది దగ్గర అవి ఉన్నాయి. రీడింగులు పంపుతామంటే తీసుకునేందుకు మీ దగ్గర ఒక చిరునామా కూడా లేదు.

ఇది మేం కొత్తగా కనిపెట్టిన ఆలోచన కాదు. 1997 జూలైలో కొలరాడోలోని ఫోర్ట్ కాలిన్స్‌లో ఊరికి ఒక పక్క కుండపోత, మరో పక్క అంతంతమాత్రం వాన. అధికారిక పరికరాలకు ఆ తేడా చిక్కలేదు. వరద ప్రాణాలు తీసింది. దాని తర్వాత 1998లో అక్కడ మొదలైన 'కోకోరాస్' అనే స్వచ్ఛంద వర్షపాత నెట్‌వర్క్‌లో ఇవాళ మామూలు ఇళ్లవాళ్లు ఒకే రకం వానమాపకాలతో రోజూ కొలిచి పంపుతారు. అధికారిక ఫోర్‌కాస్టర్లు ఆ అంకెలు వాడుకుంటారు. 1965లో బెట్సీ హరికేన్ సమయంలో సొంత రేడియో సెట్లతో మాట్లాడుకునే హామ్ రేడియో ఔత్సాహికులు మొదలుపెట్టిన హరికేన్ వాచ్ నెట్ ఇప్పటికీ తుపాను ప్రాంతాల నుంచి పరిశీలనలు సేకరించి హరికేన్ కేంద్రానికి అందిస్తోంది. బంగ్లాదేశ్ సంగతి ఇంకా పెద్దది. భోలా తర్వాత అక్కడ ప్రభుత్వం, రెడ్‌క్రీసెంట్ కలిసి పెట్టిన తుపాను సన్నద్ధత కార్యక్రమంలో 70 వేలకు పైగా వాలంటీర్లున్నారు, వారిలో దాదాపు సగం మహిళలు. జెండాలు, మెగాఫోన్లు పట్టుకుని ఇంటింటికీ వెళ్లి హెచ్చరిక చెబుతారు. వాళ్లెవరినీ అక్కడ 'అనధికారికం' అని తోసేయలేదు.

మీరు శిక్షణ ఇవ్వండి, పరీక్ష పెట్టండి, పాసైనవాళ్లకే గుర్తింపు ఇవ్వండి. తప్పుడు రీడింగు పంపేవాడిని జాబితాలోంచి తీసేయండి. అన్నిటికీ ఒప్పుకుంటాం.

బయటివాళ్ల మాట వినకపోవడం అధికారులకు కొత్త అలవాటేమీ కాదు. 1900లో క్యూబా పరిశీలకులు ఒక తుపాను టెక్సస్ వైపు పోతోందని చెబుతుంటే, అమెరికా వాతావరణ బ్యూరో వాళ్ల తుపాను టెలిగ్రామ్‌లనే ఆపించింది. అది ఉత్తరానికి తిరుగుతుందని తన అంచనా. సెప్టెంబరు 8న గాల్వెస్టన్‌లో కనీసం ఆరు వేల మంది చనిపోయారు.

అంతకంటే ముందు కలకత్తాలో హెన్రీ పిడింగ్టన్ అనే ఆయన ఉండేవాడు. మాజీ ఓడ కెప్టెన్. వాతావరణం ఆయన ఉద్యోగం కాదు, వ్యసనం. ఓడల లాగ్‌బుక్కులు పోగేసి తుపానుల దారులు గీసేవాడు. 'సైక్లోన్' అని పేరు పెట్టింది ఆయనే. కలకత్తాకు దక్షిణాన మాత్లా నది మీద కొత్త రేవు కడతామని ప్రభుత్వం అన్నప్పుడు, అక్కడ ఉప్పెన వస్తే రేవు మిగలదని 1853లో గవర్నర్ జనరల్‌కు లేఖ రాసి అచ్చు వేయించాడు. ఎవరూ చెవిన పెట్టలేదు. పోర్ట్ క్యానింగ్ అనే ఆ రేవు కట్టారు. పిడింగ్టన్ 1858లో పోయాడు, రేవును 1867లో తుపాను ఉప్పెన దెబ్బతీసింది, అది మళ్లీ కోలుకోలేదు. మమ్మల్ని మేం పిడింగ్టన్‌తో పోల్చుకోవడం లేదు, మాలో ఎవరికీ ఆ ఓపిక లేదు. బయటివాడు పంపిన కాగితాన్ని చదివి చూడటానికి అయ్యే ఖర్చు రేవు కట్టే ఖర్చు కంటే తక్కువని గుర్తు చేస్తున్నాం, అంతే.

మా వైపు సంగతి కూడా దాచం. పది రోజుల తర్వాతి తుపానును ఒక మోడల్ ఒక్క రన్‌లో (ఒకసారి వేసిన లెక్కలో) చూపించగానే ఎర్రటి మ్యాపు పెట్టి లైకులు ఏరుకునేవాళ్లు మా మధ్య ఉన్నారు. ఆ తర్వాతి రన్‌లో అది మాయమైనా పోస్టు మాత్రం తీయరు. వాళ్లను మేం సమర్థించం. యూరోపియన్ మోడల్ ప్రతిసారీ యాభైకి పైగా రన్‌లు ఇస్తుంది. అందులో భయంకరమైన ఒక్కదాన్ని ఏరి చూపించడం సమాచారం కాదు, మోసం. ఈ లేఖ పంపుతున్నవాళ్లం కొన్ని నియమాలు పెట్టుకున్నాం. ఐదు రోజులకు మించిన అంచనాకు ఊరి పేరు పెట్టం. ఏ మ్యాపు పెట్టినా అది ఎవరిది, ఏ సమయానిది అన్నది మ్యాపు మీదే రాస్తాం. ఖాళీ చేయాలా వద్దా అన్న ప్రశ్నకు జవాబు చెప్పం, మీ ఆదేశం లింకు మాత్రమే ఇస్తాం. తుపానును వీడియో తీయడానికి తీరానికి వెళ్లేవాళ్లకు మా గ్రూపుల్లో చోటు లేదు.

పై ఏడింటితో పాటు మరికొన్ని ఉన్నాయి, వీటికి పెద్ద వివరణ అక్కర్లేదు. బులెటిన్‌ను ఫొటోలా స్కాన్ చేసిన పీడీఎఫ్‌గా కాకుండా, మొబైల్‌లో చదవగలిగే పాఠంగా, చూపులేనివారి ఫోన్ చదివి వినిపించగలిగేలా ఇవ్వండి. హెచ్చరికలను కామన్ అలర్టింగ్ ప్రోటోకాల్ (హెచ్చరికలను యంత్రాలు చదవగల ఉమ్మడి రూపం) ఫీడ్‌గా ఎవరైనా వాడుకునేలా తెరవండి. రాడార్ డేటాను చిత్రాలుగానే కాదు, ఫైళ్లుగా కూడా బయటపెట్టండి. ఎక్కడో భూగోళం అవతలి కేంద్రం నడిపే మోడల్ మాకు ఉచితంగా దొరుకుతోంది, పక్కనున్న రాడార్ డేటా దొరకడం లేదు. ఇదేం లెక్కో మాకు అర్థం కాదు. తుపాను రోజుల్లో సైట్ కూలిపోకుండా బొమ్మలు తగ్గించిన తేలికపాటి పేజీ ఒకటి సిద్ధంగా ఉంచండి. తుపాను అయిపోయాక అంచనాకు, జరిగినదానికి ఎంత తేడా వచ్చిందో మామూలు జనం చదివేలా ఒక పేజీ రాయండి. సాంకేతిక నివేదికలు ఉన్నాయి, చదువుతున్నాం, కానీ ఇల్లు పోగొట్టుకున్న మనిషి వాటిని చదవలేడు.

పోస్టుల మీద చర్యలంటూ వచ్చే ప్రకటన సంగతి. కావాలని అబద్ధం పుట్టించేవాడికీ, మీ అంకెల్నే విడమరిచి చెప్పేవాడికీ తేడా రాతపూర్వకంగా చెప్పండి. ఏది తప్పో, ఏది కాదో తెలియనప్పుడు నోరు మూసుకునేది బాధ్యత ఉన్నవాళ్లే. బాధ్యత లేనివాడికి మీ ప్రకటన ఎలాగూ పట్టదు. దాంతో ఆ మూడు గంటలూ వాడి చేతికే పోతున్నాయి.

వచ్చే సీజన్‌లో తొలి అల్పపీడనం పట్టేలోగా ఒక సమావేశం ఏర్పాటు చేయండి. మత్స్యకారుల ప్రతినిధులు, షెల్టర్లు నడిపేవాళ్లు, స్థానిక విలేకరులు కూడా అందులో ఉండాలి. వీలుకాని అంశాలుంటే ఎందుకు వీలుకాదో ఒక్కొక్కదానికీ రాసి ఇవ్వండి, ఆ కారణాలను మేమే జనానికి చెబుతాం. రాడార్ బొమ్మ మీద స్థానిక సమయం పెద్ద అక్షరాల్లో వేయడానికి, బొమ్మ ఆగిపోతే 'ఇది పాతది' అని అడ్డంగా రాయడానికి మాత్రం సమావేశం దాకా ఆగక్కర్లేదు. ఆ పని ఈ వారంలో అయిపోతుంది.

ఇట్లు,
తుపానులను గమనించే ఔత్సాహికులు